లారీ ఎక్కిన గుర్రాన్ని దింపించిన మాస్టారు

(మా ఊరి గ్రంథాలయంలో ఉపాధ్యాయులు, విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. చిన్నపిల్లల్ని ఈ చాప మీద కూర్చోబెట్టండి. మైకు వినిపిస్తోందా? సరే.

ఇవాళ ఒక మాస్టారి గురించి చెబుతాను. పేరు హ్యారీ డిలేయర్. మీలో చాలామంది ఈ పేరు విని ఉండరు. ఆయన లెక్కలు చెప్పలేదు, సైన్సు చెప్పలేదు. గుర్రపు స్వారీ నేర్పాడు. అమెరికాలో న్యూయార్కును ఆనుకుని లాంగ్ ఐలాండ్ అని పొడుగాటి దీవి ఉంది. దాని ఉత్తరపు ఒడ్డున సెయింట్ జేమ్స్ అని చిన్న ఊరు. అక్కడ నాక్స్ స్కూల్ అని బడి, అప్పట్లో ఆడపిల్లల రెసిడెన్షియల్ బడి. అందులో ఈయన స్వారీ మాస్టారు. బడి పిల్లలు పెద్దింటి పిల్లలు. మాస్టారు మాత్రం జీతం రాళ్లు లెక్కపెట్టుకుని బతికే మనిషి. ఇంట్లో చిన్నపిల్లలు. మొత్తం ఎనిమిది మంది సంతానం ఆయనకు.

స్వారీ నేర్పేవాడు కూడా మాస్టారేనా అని ఎవరికైనా అనిపిస్తే, మన బడిలో పీఈటీ మాస్టార్ని అడగండి. భయపడే పిల్లని నీళ్లలోకి దింపినవాడికి, గుర్రం ఎక్కించినవాడికి తెలుస్తుంది పాఠం చెప్పడం అంటే ఏమిటో. పుస్తకంలో తప్పు రాస్తే కొట్టేసి మళ్లీ రాయొచ్చు. గుర్రం మీద తప్పు జరిగితే పిల్ల కింద పడుతుంది. అందుకే ఆ మాస్టారికి రెండు మనసులు తెలియాలి, పిల్ల మనసూ, గుర్రం మనసూ. రెండూ ఒకేసారి తెలియాలి.

ఆయన పుట్టింది 1927లో, హాలండులో, సింట్ ఊడెన్‌రోడె అనే పల్లెలో. పదముగ్గురు పిల్లల్లో పెద్దవాడు. తండ్రికి పొలం, బీరు కాచే పని. ఆ రోజుల్లో గుర్రం లేకపోతే ఆ ఊళ్లలో దుక్కీ లేదు, బండీ లేదు. పన్నెండేళ్లప్పుడు, 1940లో, జర్మన్ సైన్యం వచ్చి దేశాన్ని ఆక్రమించింది. నాలుగేళ్లు ఆ పాలన కిందే. ఆ కుటుంబం చాటుగా ప్రతిఘటన దళాలకు సాయపడింది. 1944 సెప్టెంబరులో అమెరికా సైనికులు పారాచూట్లతో ఆ ప్రాంతంలో దిగి ఊరిని విడిపించారు. ఆ పోరులో చనిపోయిన ఒక సైనికుడి మెడలోని గుర్తింపు బిళ్లను డిలేయర్ కుటుంబం జాగ్రత్తగా తీసి అతని తల్లిదండ్రులకు పంపిందనీ, ఆ పరిచయంతోనే హ్యారీకి అమెరికా దారి దొరికిందనీ చెబుతారు.

1950లో భార్య జొహానాతో కలిసి అమెరికా చేరాడు. మొదట చేసిన పని ఏమిటో తెలుసా? నార్త్ కరోలినాలో పొగాకు చేలో పని. పొగాకు పని ఎంత కష్టమో గుంటూరు, ప్రకాశం జిల్లాలవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఆ తర్వాత గుర్రాల కొట్టాల్లో పనికి చేరాడు. అక్కణ్నుంచి ఈ బళ్లో స్వారీ మాస్టారుగా కుదిరాడు. యూరప్‌లో పోటీల్లో గుర్రాలు దూకించిన కుర్రాడు, ఇక్కడికొచ్చాక పెంట ఎత్తాడు, దాణా పెట్టాడు, ఇంకొకళ్ల గుర్రాలకు మాలీసు చేశాడు. తక్కువ పని అనుకోలేదు. గుర్రం ఉన్న చోట ఉంటే చాలనుకున్నాడు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 1956 ఫిబ్రవరి. బళ్లో పిల్లలకు స్వారీ నేర్పడానికి ఇంకో గుర్రం కావాలి. ఎలాంటి గుర్రం? ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను. వేగంగా పరిగెత్తేది కాదు, అందంగా ఉండేదీ కాదు. నెమ్మదిగా ఉండాలి. కొత్తగా ఎక్కిన పిల్ల పగ్గం పిచ్చిగా లాగినా, భయంతో కెవ్వుమన్నా, బెదిరిపోకుండా నిలబడాలి. పైగా చవగ్గా రావాలి. చేతిలో ఉన్నది 80 డాలర్లు. అప్పటి లెక్కలో డాలరుకు 4 రూపాయల 76 పైసలు. అంటే దాదాపు 380 రూపాయలు.

పెన్సిల్వేనియాలో న్యూ హాలండ్ అని ఊరుంది. అక్కడ గుర్రాల సంత పెద్దది. చుట్టూ ఆమిష్ అనే క్రైస్తవ శాఖవాళ్ల పొలాలు. వాళ్లలో చాలామంది ఇప్పటికీ దుక్కికి ట్రాక్టరు వాడరు, గుర్రాలు, కంచరగాడిదలతోనే దున్నుతారు. హ్యారీ ఆ సంతకు బయల్దేరాడు. దారంతా మంచు. ఆలస్యమైపోయింది. వెళ్లేసరికి వేలం ముగిసింది. మంచి గుర్రాలన్నీ అమ్ముడుపోయాయి. ఎవరూ కొనని గుర్రాలను ఒక లారీలోకి ఎక్కించేశారు. ఆ లారీ ఎక్కడికి పోతుంది? కబేళాకు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ లారీ ఎందుకంత నిండుగా ఉందో తెలియాలి మనకు. 1915 ప్రాంతంలో అమెరికాలో గుర్రాలు, కంచరగాడిదలు కలిపి రెండున్నర కోట్లకు పైగా ఉండేవి. 1960 నాటికి ముప్పై లక్షలకు పడిపోయాయి. నలభై అయిదేళ్లలో! జబ్బొచ్చి పోలేదు. ట్రాక్టరు వచ్చింది, లారీ వచ్చింది, కారు వచ్చింది. తరతరాలు దున్నిపెట్టిన జీవికి ఒక్కసారిగా పని పోయింది. పని లేని గుర్రాన్ని మేపేదెవరు? కుక్కల ఆహారానికి, జిగురుకు అమ్మేశారు. మన ఊళ్లలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రైల్వే స్టేషను ముందు జట్కాలు వరసగా నిలబడేవి. ఆటోలొచ్చాక ఆ గుర్రాలన్నీ ఏమైపోయాయి? ఎవరైనా అడిగారా? అడగం. కంటికి కనిపించడం మానేస్తే మనసులోంచి కూడా పోతాయి.

సరే, లారీ దగ్గరికి వద్దాం. హ్యారీ లారీ పక్క చెక్కల సందుల్లోంచి లోపలికి చూశాడు. ఒక బూడిదరంగు గుర్రం. పెద్ద ఒళ్లు. మురికి పట్టి ఉంది. మోకాళ్ల మీద గాయాలు. ఛాతీ దగ్గర, నాగలి లాగేటప్పుడు మెడకు తగిలించే పట్టా ఒరుసుకుపోయిన మచ్చలు. చూడగానే తెలిసిపోతుంది, దుక్కి గుర్రమని. అయితే మిగతా గుర్రాలు బెదురుతున్నాయి, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఇది మాత్రం కదలకుండా నిలబడి ఈయన వైపే చూసింది. దాన్ని దింపమన్నాడు. లారీ అతను దుక్కి గుర్రంతో నీకేం పని అన్నట్టు చూశాడు. హ్యారీ అంతా చేసి ఇచ్చింది 80 డాలర్లు, ఇంటికి తెచ్చి దింపే ఖర్చుతో సహా.

ఆ గుర్రంలో ఏం చూశాడాయన? తర్వాత రాసినవాళ్లు చాలామంది, దాని కళ్లలో చాంపియన్ కనిపించాడన్నట్టు రాస్తారు. నేను ఒప్పుకోను. ఆయన చూసింది చాంపియన్‌ని కాదు, నెమ్మదిని. అంత గోలలో, చావు లారీలో కూడా కంగారుపడని గుర్రం నా పిల్లలకు పనికొస్తుందని చూశాడు. మాస్టారి కన్ను అది. తనకు కావలసింది ఏమిటో తెలిసినవాడి కన్ను. అందుకే ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను.

గుర్రం ఇంటికొచ్చింది. లారీ పలక మీదుగా తడబడుతూ దిగి, మంచు పడుతుంటే అలా నిలబడింది. వీపు మీద మంచు పేరుకుంది. పిల్లలంతా చుట్టూ చేరారు. పెద్దపాప చూసి, అచ్చం స్నోమాన్ లాగుంది నాన్నా అంది. మంచు పడే ఊళ్లలో పిల్లలు మంచుతో బొమ్మమనిషిని చేస్తారు చూడండి, అదన్నమాట. పేరు అదే ఖాయమైంది. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ పనిలోకి దిగారు. ఒకళ్లు తోమడం, ఒకళ్లు నీళ్లు పొయ్యడం, చిక్కుపడ్డ జూలు దువ్వడం. కొత్త లాడాలు కొట్టించారు. కడిగినకొద్దీ కింద రంగు బయటపడింది.

బడి పిల్లలకు స్నోమాన్ బాగా నచ్చింది. ఎవరు ఎక్కినా ఊరుకునేది. కొత్త పిల్ల, పిరికి పిల్ల, బరువున్న పిల్ల, ఎవరైనా సరే. ఏ పిల్ల భయపడుతోందో ఆ పిల్లను దీని మీద ఎక్కించేవాడు మాస్టారు. ఆ గుర్రానికి వచ్చిన మొదటి గొప్ప పేరు అదే. కప్పులు, రిబ్బన్లు తర్వాతి సంగతి.

బడికి వేసవి సెలవులొచ్చాయి. సెలవుల్లో గుర్రాన్ని మేపడం ఖర్చు. అప్పుడు ఏం చేశాడు హ్యారీ? అమ్మేశాడు. అవును, స్నోమాన్‌ని అమ్మేశాడు. దగ్గర్లో ఉండే ఒక డాక్టరుగారు 160 డాలర్లిస్తానన్నాడు, అంటే కొన్నదానికి రెట్టింపు. ఇంట్లో పిల్లల కడుపులు నిండాలి. జీతం సరిపోదు. ఆయన్ని తప్పుపట్టకండి. చిన్న జీతంతో ఇల్లు నడిపినవాళ్లు ఎవరూ తప్పుపట్టరు.

ఆ తర్వాత జరిగింది వినండి. కొన్నాళ్లకు పొద్దున్నే చూస్తే స్నోమాన్ హ్యారీ ఇంటి ముందు నిలబడి ఉంది. డాక్టరుగారు వచ్చి తీసుకెళ్లాడు. మళ్లీ వచ్చింది. కంచె సరిగా లేదేమో అనుకున్నారు. కంచె ఎత్తు పెంచారు. మళ్లీ వచ్చింది! గేటు మూసే ఉంది, కంచె ఎక్కడా విరగలేదు. మరి ఎలా వచ్చింది? దూకి వచ్చింది. ఒకటి కాదు, దారిలో ఉన్న కంచెలన్నీ దూకుతూ వచ్చింది. ఆఖరికి డాక్టరుగారు దాని తాడుకు ఒక పాత టైరు కట్టాడు. ఆ టైరును కూడా ఈడ్చుకుంటూ వచ్చేసింది.

నాగలి లాగిన గుర్రం. వయసు ఎనిమిదేళ్ల పైనే. పోటీల్లో దూకే గుర్రాలకు చిన్నప్పట్నించీ శిక్షణ ఇస్తారు, మంచి జాతి చూసి కొంటారు. దీనికి జాతి లేదు, శిక్షణ లేదు. ఇంటికి రావాలన్న పట్టుదల ఒక్కటే ఉంది. హ్యారీ డాక్టరుగారితో మాట్లాడి గుర్రాన్ని వెనక్కి తీసుకున్నాడు. ఇక అమ్మనని ఇంట్లో మాటిచ్చాడు.

మాస్టార్లూ, నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది. లారీ దగ్గర గుర్రాన్ని చూసి నెమ్మదైనదని ఒక అంచనా వేసుకున్నాడు కదా. అది తప్పు కాదు, నిజంగానే నెమ్మదైన గుర్రం. కానీ ఆ అంచనా దగ్గరే ఆగిపోయి ఉంటే? ఇది పిరికి పిల్లల గుర్రం, అంతే, అని పేరు పెట్టేసి ఉంటే? మనం బళ్లో ఎంతమందికి మొదటి నెలలోనే పేర్లు పెట్టేస్తాం! వీడు మంచివాడే గానీ చదువు రాదు. ఈ అమ్మాయి నోరు విప్పదు. ఆ పేరు పదో తరగతి దాకా వాళ్ల వెంటే పోతుంది. హ్యారీ ఆ పని చెయ్యలేదు. తను వేసుకున్న అంచనాను గుర్రమే దాటి వచ్చి చూపిస్తే, కూర్చుని మళ్లీ కొత్తగా చూశాడు.

చూసి, దూకడం నేర్పడం మొదలుపెట్టాడు. నేర్పే పద్ధతి ఏమిటంటే, ముందు నేల మీద కడ్డీలు పరిచి వాటి మీదుగా నడిపిస్తారు. ఆ తర్వాత కొంచెం ఎత్తు, ఇంకొంచెం ఎత్తు. స్నోమాన్‌ని కడ్డీల మీద నడిపిస్తే ఏమైంది? తట్టుకుని తూలింది. అన్ని కంచెలు దూకి వచ్చిన గుర్రం నేల మీద కడ్డీ దాటలేకపోయింది. చిన్న అడ్డంకుల దగ్గర దాని మనసే పెట్టదు. ఎత్తు పెంచాడు. అప్పుడు చెవులు నిక్కబొడుచుకుని, కాళ్లు ముడుచుకుని దూకింది. తేలిక లెక్క తప్పు చేసి, కష్టమైన లెక్క ఎవరూ చెప్పకుండానే చేసేసే పిల్లాడు మీ క్లాసులో లేడా? ఉంటాడు. వాడిని తేలిక లెక్కల దగ్గరే ఏడాదంతా కూర్చోబెడతాం మనం, ముందు ఇవి రానీ అని.

ఇంకో సంగతి. దూకేటప్పుడు తీసిన ఫొటోలు ఉన్నాయి, చూడదగ్గవి. గుర్రం గాల్లో ఉంటుంది, పగ్గాలు వదులుగా వేలాడుతుంటాయి. మామూలుగా అలాంటి ఎత్తు దగ్గర పగ్గం బిగించి పట్టుకుంటారు, భయం కదా. ఈయన చేతులు ముందుకు చాపి పగ్గం వదిలేశాడు. మెడ, తల దానిష్టం. ఎక్కడ కాలెత్తాలో, ఎంత ఎత్తాలో దానికి తెలుసని నమ్మాడు.

1958 నాటికి పెద్ద పోటీలకు వెళ్లారు. ఆ పోటీల వాతావరణం ఊహించుకోండి. కోటీశ్వరుల గుర్రాలు, ఒక్కోదానికి వేల డాలర్లు పోసి కొన్నవి. వాటిని చూసుకోవడానికి పనివాళ్లు, రౌతులు వేరు. వీళ్లేమో బండిలో భార్య, పిల్లలు, దాణా బస్తాలతో వచ్చారు. దువ్వేది పిల్లలే, జీను తుడిచేది పిల్లలే. ఆ రోజుల్లో అక్కడ చాలా పోటీల్లో కడ్డీ కింద పడడమే కాదు, కాలు తగిలినా తప్పే. అంత కచ్చితంగా ఉండేది. నవంబరులో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జాతీయ ప్రదర్శన. దానికి ఆ ఏడు డెబ్బై అయిదో పండుగ. మగవాళ్లు సూట్లు, ఆడవాళ్లు నగలు పెట్టుకుని వచ్చి చూసే పోటీ. అక్కడ దూకే గుర్రాల విభాగంలో ఎవరు గెలిచారు? 80 డాలర్ల దుక్కి గుర్రం గెలిచింది. లారీలోంచి దిగి మూడేళ్లు నిండకుండానే. ఆ ఏడాది దేశంలోనే మేటి గుర్రంగా ఎంచారు. ఒక్క ఏడాది అదృష్టం అంటారేమో, 1959లోనూ అదే మేటి. పత్రికలు సిండ్రెల్లా గుర్రం అని రాశాయి, కథలో పనిపిల్లగా ఉండి రాణి అయిన అమ్మాయి పేరు పెట్టి. లైఫ్ పత్రికలో ఫొటోలు పడ్డాయి.

గుర్రాన్ని అమ్ముతారా అని అడగడం మొదలుపెట్టారు. లక్ష డాలర్లు ఇస్తామని కూడా ఒకరు అడిగారు. లక్ష! ఆ డబ్బుతో హ్యారీ ఎన్ని పొలాలు కొనుక్కోవచ్చు, పిల్లలందరికీ ఎంత చదువు చెప్పించవచ్చు! అమ్మలేదు. 160 డాలర్లకు అమ్మిన మనిషే లక్షకు అమ్మలేదు. మధ్యలో ఏం మారింది? టైరు ఈడ్చుకుంటూ ఇంటికొచ్చింది కదా, అది మారింది. ఇంటి మనిషైపోయింది.

ఇంటి మనిషి అని మాటవరసకు అనడం లేదు. ఆదివారాల్లో ఆ కుటుంబం సముద్రానికి వెళ్లేది, గుర్రాన్ని తీసుకుని. దాని వీపు మీద పిల్లలు ముగ్గురు నలుగురు వరసగా, ఒకరి నడుం ఒకరు పట్టుకుని కూర్చునేవాళ్లు. అలాగే నీళ్లలోకి దిగి ఈదేది. పిల్లలు దాని మీద నుంచి నీళ్లలోకి దూకి, మళ్లీ తోక పట్టుకుని ఎక్కేవాళ్లు. నిన్న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అమెరికా అంతా చూసిన చాంపియన్ ఇవాళ పిల్లల పడవ! ఇంకో చాంపియన్ గుర్రాన్ని అయితే దాని యజమాని సముద్రంలో దింపుతాడా? కాలు బెణుకుతుందేమోనని టెన్షన్‌తో గడప కూడా దాటనివ్వడు.

జొహానా గురించి కూడా చెప్పాలి. ఈ కథ చెప్పేవాళ్లు ఆమెను రెండు మాటల్లో దాటేస్తారు. దేశం కాని దేశం, చేతిలో డబ్బు లేదు. ఇంట్లో ఎనిమిది మంది పిల్లలు, కొట్టంలో గుర్రాలు. పోటీల రోజుల్లో తెల్లవారకముందే లేచి పిల్లలను తయారుచేసి, అందరికీ తిండి కట్టి బండెక్కించాలంటే ఎవరు చేశారనుకుంటున్నారు? గెలిచినప్పుడు ఫొటోలో ఉన్నది గుర్రమూ, రౌతూ. ఆ గెలుపులో ఆమె చాకిరీ సగం. తర్వాతి కాలంలో ఆ దంపతులు విడిపోయారు. ఇది దాచాల్సిన పని లేదు. ఒక పనిని ప్రాణంలా ప్రేమించే మనిషితో కాపురం చెయ్యడం చూసేవాళ్లకు అందంగా ఉంటుంది, చేసేవాళ్లకు కష్టంగా ఉంటుంది. హ్యారీకి కుటుంబం మీదున్న ప్రేమ నిజం. గుర్రాల కోసం ఆ కుటుంబం మోసిన బరువూ నిజం. రెండో మాట చెప్పకుండా మొదటి మాట చెబితే జొహానాకు అన్యాయం చేసినట్టే.

స్నోమాన్‌ని 1962లో పోటీల నుంచి తప్పించారు. ఆ తర్వాత కూడా ఇంట్లో పిల్లలు ఎక్కేవాళ్లు, చూడ్డానికి జనం వచ్చేవాళ్లు. 1974 సెప్టెంబరులో మూత్రపిండాలు పాడై చనిపోయింది. అప్పటికి దానికి పాతికేళ్లు దాటాయి. గుర్రానికి అది నిండు వయసు. 1992లో షో జంపింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే గుర్రాలు దూకే పోటీల్లో మేటివాళ్ల గౌరవ జాబితాలో, దాని పేరు చేర్చారు.

హ్యారీ ఆ తర్వాత కూడా ఆగలేదు. ఇంకా గుర్రాలు కొన్నాడు, తీర్చిదిద్దాడు. తాతయ్యాక కూడా పోటీల్లో కుర్రాళ్ల పక్కన నిలబడి దూకించాడు. గాలపింగ్ గ్రాండ్‌ఫాదర్ అని పిలిచేవాళ్లు ఆయన్ని, అంటే దౌడు తీసే తాతగారు. చివరికి వర్జీనియాలో స్థిరపడి, పెద్ద వయసులోనూ అడిగినవాళ్లకు స్వారీ నేర్పుతూనే ఉన్నాడు. 2021లో, 93 ఏళ్ల వయసులో పోయాడు.

నాకిచ్చిన సమయం అయిపోయింది. ఇక మీరు అడగండి. టీచరుగారూ, మీరు ఒక్క నిమిషం ఆగండి. చాప మీద ఆ చిన్నబాబు, ఆ గుర్రం ఏం తినేదని ఇందాకట్నించీ చెయ్యెత్తే ఉన్నాడు. ముందు వాడికి చెబుతాను. ఎండుగడ్డి, ఓట్స్ అనే ధాన్యం తింటాయి బాబూ అక్కడి గుర్రాలు. మన దగ్గర ఉలవలు, గుగ్గిళ్లు పెడతారే, అలాగన్నమాట. ఇప్పుడు మీరు చెప్పండి టీచరుగారూ.